నా నల్ల స్వెటర్

గురువారం. ఆఫీసు కాల్ ఇంకా అవ్వనే లేదు, అమ్మాయి వచ్చి నా అలమారా మీద పడింది. "అమ్మా, నీ నల్ల స్వెటర్ ఏది?"

బళ్ళో నాటకం, దీనిది పిల్లి వేషం. కొత్తది కొనిపెడతాలేవే అన్నాను. "కుదరదు, అమ్మదే కావాలి. ఎలాది కూడా వాళ్ళమ్మదే."

"ఎలా?"

"ఆఁ, ఎలానే." అది మనిషి పేరని తెలియడానికి నాకో నిమిషం పట్టింది.

ఎలా వైస్‌బెర్గర్. పదకొండేళ్ళప్పుడు, 1942లో, నాజీలు ఆమెని ప్రాగ్‌కి ఉత్తరాన ఉన్న టెరెజీన్ అనే నిర్బంధ శిబిరానికి పంపారు. అక్కడ పిల్లలు ఆడిన 'బ్రుండిబార్' అనే సంగీత నాటకంలో ఆమె పిల్లి. అక్క స్కీయింగ్ ప్యాంటు, అమ్మ నల్ల స్వెటర్, అంతే వేషం. కథ చిన్నది. అమ్మకి జబ్బు చేస్తే పాలకి డబ్బుల్లేక అన్నాచెల్లెళ్ళు సంతలో పాడతారు, బ్రుండిబార్ అనే వాయిద్యగాడు వాళ్ళని తరిమేస్తాడు. పిల్లి, కుక్క, పిచ్చుక, వీధి పిల్లలు కలిసి వాడి పని పడతారు. ఆ బ్రుండిబార్ అంటే హిట్లరేనని చూసేవాళ్ళందరికీ తెలుసు.

ఇక్కడ న్యూజెర్సీ బడుల్లో 1994 నుంచి హోలోకాస్ట్, అంటే నాజీలు చేసిన యూదుల ఊచకోత గురించి పాఠం తప్పనిసరి. నాటకం అనగానే నాకు లోపల కొంచెం టెన్షన్. పిల్లలకి నాజీ యూనిఫాంలు వేసి కవాతు చేయిస్తారేమోనని. అలాంటిదేం లేదు. సీన్‌కీ సీన్‌కీ మధ్య ఒకరు ముందుకొచ్చి ఎలా వైస్‌బెర్గర్ చెప్పుకున్న జ్ఞాపకాల్లోంచి ఒకటి చెప్తారు, అంతే. ఏడుపు గొంతుతో చెప్పొద్దని టీచరు గట్టిగా చెప్పిందట. మంచి పని చేసింది.

రిహార్సల్‌కి దింపడానికి వెళ్ళి చివరి వరసలో కూర్చుండిపోయాను. పిల్లలు ఛాతీ మీద పసుపు నక్షత్రంతో వస్తారు, యూదులని తెలియడానికి నాజీలు పెట్టించిన గుర్తు అది. ఆట మొదలయ్యే ముందు ఎవరిది వాళ్ళు తీసి పక్కన పెడతారు. టెరెజీన్‌లో స్టేజి మీద ఉన్నంతసేపూ ఆ నక్షత్రం పెట్టుకోనక్కర్లేదట. ఎలాకి బాగా గుర్తుండిపోయిన సంగతుల్లో అదొకటి. ఆట అయ్యాక మళ్ళీ పెట్టుకోవాలి. తీయడం అందరూ చకచకా తీశారు. పెట్టుకునేటప్పుడు మా దాని సేఫ్టీ పిన్ను ఊలులో చిక్కుకుని ఎంతకీ దిగలేదు. తల వంచుకుని, నాలిక కొస బయటపెట్టి, గుచ్చుతూనే ఉంది. పాట ఎప్పుడో అయిపోయింది. టీచరు తొందరపెట్టలేదు. లేచి వెళ్ళి పెడదామా అనిపించి కుర్చీ పట్టుకుని ఆగాను.

కారులో అడిగాను, ఆ పిచ్చుక పిల్ల చేతిలో కాగితం చూసి పాడుతోందేంటని. "తను వేరేవాళ్ళకి బదులు. అసలు పిచ్చుకకి జ్వరం." కాసేపాగి అదే చెప్పింది. "అక్కడ 55 సార్లు ఆడారు కదా. బదులు ఎవరైనా వచ్చారంటే, ముందున్న పిల్లని ఆష్విట్జ్ రైలెక్కించారని. అది చంపే క్యాంపు."

సిగ్నల్ పడింది. నేనేమీ అనలేదు. ఆ సంగీతం కట్టిన హాన్స్ క్రాసాని కూడా 1944 అక్టోబరులో అక్కడికే పంపి చంపారు. ఎలా మాత్రం బతికి బయటపడింది. అమెరికా వచ్చేశాక, ఎక్కడెక్కడో ఈ నాటకం వేస్తుంటే వెళ్ళి, చివరి పాట ఆ పిల్లలతో కలిసి పాడేది. 2018లో పోయింది. వీళ్ళు ఆవిడని చూడలేదు.

రాత్రి తెనాలి నుంచి అమ్మ వీడియో కాల్. మనవరాలి వేషం చూపించమంది. కాటుక పెన్సిల్‌తో మీసాలు గీసి నిలబెట్టాను. "ఒకటి పొడుగైందే," అంది అమ్మ. చెరిపి మళ్ళీ గీశాను.

స్వెటర్ కుర్చీ మీద పడేసి ఉంది. ఎడమ పక్కన రెండు చోట్ల దారం లేచింది. పోపు వాసన వస్తోంది, ఉతకమంటావా అంటే వద్దంది. ఫోన్‌లో ఎవరికో మెసేజి కొడుతూ, తలెత్తకుండానే చెప్పింది. "పిచ్చుకకి జ్వరం తగ్గిందట. రేపు వస్తుంది."