డాంగిల్‌తో డెస్క్‌టాప్‌కు ఇంటర్నెట్

మా ఊరికి ఫైబర్ తీగ ఇంకా రాలేదు కాబట్టి, నాన్నగారు ఆంధ్రప్రదేశ్ భూ రికార్డుల వెబ్‌సైట్ మీభూమిలో అడంగల్ చూసుకోవడానికి వీలుగా ఆయన డెస్క్‌టాప్‌కు సిమ్ వేసే యూఎస్‌బీ డాంగిల్ అమర్చాను. ఆ డెస్క్‌టాప్‌లో ఉన్నది విండోస్ కాదు, లైనక్స్ రకానికి చెందిన ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టమ్. లైనక్స్‌లో ఈ డాంగిళ్లు పనిచేయవని దుకాణాల్లో చెప్పే మాట సరికాదని నా గట్టి నమ్మకం.

ఇలాంటి డాంగిళ్లలో చాలావాటిని తగిలించగానే అవి మోడెమ్‌గా కాక, విండోస్ డ్రైవర్లున్న సీడీ డ్రైవ్‌గా కనబడతాయి. యూఎస్‌బీ మోడ్‌స్విచ్ అనే చిన్న ప్రోగ్రామ్ తగిన ఆదేశం పంపి మోడెమ్‌గా మార్చిన తరువాతే, ఉబుంటులో కనెక్షన్లను చూసుకునే నెట్‌వర్క్ మేనేజర్‌లో మొబైల్ బ్రాడ్‌బ్యాండ్ అనే అంశం ప్రత్యక్షమవుతుంది. అక్కడ దేశాన్ని, కంపెనీని, ప్లాన్‌ను ఎంచుకోవడం నిమిషాల పని. అయితే సిమ్ కంపెనీ డేటా నెట్‌వర్క్‌కు దారి చూపే ఏపీఎన్ పేరును మాత్రం అక్షరం పొల్లుపోకుండా సరిచూడాలి, ఎందుకంటే అది తప్పితే సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నా డేటా కదలకపోవచ్చు.

డెస్క్‌టాప్‌కు ప్రత్యేకమైన చిక్కు మరొకటి ఉంది. ఇనుప క్యాబినెట్ వెనుక, బల్ల కింద డాంగిల్‌కు సిగ్నల్ సరిగా అందదు. యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో దాన్ని కిటికీ దగ్గరకు చేర్చగానే పేజీలు చకచకా తెరుచుకోవడం చూసి నాకు ఎంతో తృప్తి కలిగింది. రోజువారీ డేటా పరిమితి ఉన్నవారు సెట్టింగ్స్‌లో ఈ కనెక్షన్‌ను మీటర్డ్‌గా, అంటే డేటా పరిమితి ఉన్నదిగా, గుర్తించి ఉంచితే, పెద్ద అప్‌డేట్లు వాటంతటవే దిగకుండా ఆపుకోవచ్చు.