కెంటకీలో గుర్రాల వెంట

అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్ నుంచి లెక్సింగ్టన్‌కు కారులో మూడు గంటలు. అక్టోబరు మొదటి వారాంతంలోనే వెళ్దామని శ్రీను పట్టుబట్టడానికి కారణం ఉంది. అక్కడి కీన్‌లాండ్ రేస్ కోర్స్‌లో ఏడాది పొడవునా పందేలు ఉండవు. ఏప్రిల్‌లో కొన్ని వారాలు, అక్టోబరులో కొన్ని వారాలు, అంతే. మిగతా కాలమంతా వేలంపాటలు, ప్రాక్టీసు. సరిగ్గా ఆ సీజన్ మొదలయ్యే రోజుల్లోనే, అదే ఊళ్లో రెడ్ మైల్ అనే పాత ట్రాక్ మీద బండి కట్టిన గుర్రాల పెద్ద పందేలు జరుగుతుంటాయి. గంటంపావు దూరంలో లూయివిల్, అక్కడ కెంటకీ డెర్బీ జరిగే చర్చిల్ డౌన్స్. శుక్రవారం ఒక్కరోజు సెలవు పెడితే మూడూ చుట్టేసి రావచ్చని వాడి లెక్క.

శ్రీను మలక్‌పేటలో పుట్టి పెరిగినవాడు. ఆరో నిజాం 1886లో మౌలాలి నుంచి తన మహల్ దగ్గరికి పందేలను తెప్పించుకున్న చోటే ఇప్పటికీ హైదరాబాద్ రేస్ కోర్స్ నడుస్తోంది. వాళ్ల నాన్నగారు రేస్‌బుక్ మడిచి జేబులో పెట్టుకుని బయల్దేరితే, వాళ్లమ్మ వంటింట్లో గిన్నెలు గట్టిగా పెట్టేదట. నేను గుంటూరు జిల్లావాణ్ణి. గుర్రాన్ని దగ్గరగా చూసింది పెళ్లి ఊరేగింపుల్లోనే.

కీన్‌లాండ్ చూడగానే ఇది రేస్ కోర్సా, ఎవరిదైనా ఎస్టేటా అనిపించింది. సున్నపురాతి గోడలు, వాటిమీద పాకిన తీగలు, పెద్ద పెద్ద చెట్లు. 1936లో ఇక్కడ మొదటి పందెం జరిగింది. 1997 వరకూ మైకులో పందెం వ్యాఖ్యానమే ఉండేది కాదట, చూసేవాళ్లు తమ కళ్లతో తామే చూసుకోవాలని. ఇప్పుడు మాత్రం మొదటిరోజు జనం తిరణాలకు వచ్చినట్టే వచ్చారు. కాలేజీ కుర్రాళ్లు కోటూ టై కట్టుకుని, ఆడపిల్లలు పూల గౌన్లు వేసుకుని, చేతిలో గ్లాసులు. వాళ్లలో సగంమంది గుర్రాలవైపు తిరిగి కూడా చూళ్లేదని నా అనుమానం. బర్గూ అనే మాంసం కూర ఇక్కడి ప్రత్యేకమన్నారు. తిన్నాను. ఉప్పూ కారం మన లెక్కలో ఆమడ దూరం.

అసలు చూడాల్సింది పాడాక్. పందేనికి ముందు గుర్రాలను తిప్పే ఆవరణ అది. చెట్ల కింద, కంచెకు అటువైపు గుర్రం, ఇటువైపు మనం. చెయ్యి చాపితే అందేంత దూరం. ఆరోజు పెద్ద పందెం ఆల్సిబయాడీస్, రెండేళ్ల ఆడ గుర్రాలకు. నా ముందు నుంచి వెళ్లిన ఒక ఎర్ర గుర్రం చర్మం ఎంత పల్చగా ఉందంటే మెడ మీద నరాలు వేళ్లతో లెక్కపెట్టొచ్చు. ముక్కుపుటాలు లోపల గులాబీ రంగు. గుర్రాన్ని చూసుకునే సాయీసు దాని మూతిని స్పాంజితో తుడుస్తుంటే అది వాడి టోపీ లాగాలని చూస్తోంది. రెండేళ్ల పిల్ల కదా!

"దాన్ని కాదురా, ఆ వెనకాల వచ్చేదాన్ని చూడు. తొడల నడుమ సబ్బు నురగ లెక్క చెమట. దాని పందెం ఈడనే అయిపోయింది," అన్నాడు శ్రీను. బోర్డు మీద చూస్తే అదే ఫేవరెట్, జనం అన్నిటికన్నా ఎక్కువ డబ్బు కాసిన గుర్రం. వాడి మాట నిజమైంది. మలుపు దాకా ముందున్న ఫేవరెట్ ఆఖర్లో చతికిలబడింది.

అయితే వాడికీ డబ్బు రాలేదు. ఇక్కడ బుకీలు ఉండరు, అంతా టోట్ పద్ధతే. జనం కాసిన డబ్బంతా ఒకచోట చేర్చి, క్లబ్బు వాటా, పన్ను తీసేసి, మిగిలింది గెలిచిన టికెట్లకు పంచుతారు. అందుకే గేటు తెరుచుకునే క్షణం దాకా రేట్లు మారుతూనే ఉంటాయి. అదంతా వాడికి కొట్టిన పిండే. కానీ ప్లేస్ దగ్గర, అంటే గెలవకపోయినా ముందు స్థానాల్లో వస్తే డబ్బొచ్చే టికెట్ దగ్గర, దెబ్బ తిన్నాడు. మన దగ్గర గుర్రాలు చాలినన్ని ఉంటే మూడోస్థానానికి కూడా ప్లేస్ డబ్బు వస్తుంది. అమెరికాలో మొదటి రెండు స్థానాలకే ప్లేస్. మూడోదానికి షో అని వేరే టికెట్ కొనాలి. వాడి గుర్రం ముక్కు దూరంలో మూడోది. సాయంత్రం హోటల్‌కు వెళ్లేదాకా అమెరికాను తిడుతూనే ఉన్నాడు.

శనివారం చీకటితోనే మళ్లీ కీన్‌లాండ్‌కే వెళ్లాం, ప్రాక్టీసు చూద్దామని. అక్టోబరులో అక్కడ తెల్లవారేసరికి ఏడున్నర దాటుతుంది. మంచులో ముందు ఏమీ కనిపించదు. ఊపిరి వినిపిస్తుంది, ఒక్కో అంగకూ ఒక్కో ఊపిరి లెక్కన బుస్సుబుస్సుమంటూ. తర్వాత జీను మీద వంగిన మనిషి, ఆ కింద గుర్రం. నిన్నటి టైలూ గౌన్లూ ఎక్కడా లేవు. రైడర్లు, సాయీసులు చాలామంది లాటిన్ అమెరికా నుంచి వచ్చినవాళ్లు. పలకరింపులన్నీ స్పానిష్‌లోనే. నాలుగు ఫర్లాంగులు 48 సెకన్లలో దాటితే మంచి పరుగేనని పక్కన నిలబడ్డ పెద్దాయన చెప్పాడు. టికెట్ కొనే పనిలేని ఆ గంట ముందురోజు మధ్యాహ్నం కన్నా నాకు బాగా నచ్చింది. అక్కడి క్యాంటీన్‌లో గుడ్లు, బిస్కట్లు తిని లూయివిల్ బయల్దేరాం. బిస్కట్లంటే మనవి కావు, మెత్తని బన్నుల్లాంటివి.

చర్చిల్ డౌన్స్‌లో ఆ రోజు పందేలు లేవు. మ్యూజియం, టూరు మాత్రమే. అమెరికాలో అన్నిటికన్నా పేరున్న గుర్రప్పందెం కెంటకీ డెర్బీ ఇక్కడ 1875 నుంచి ఏటా జరుగుతోంది. ఫొటోల్లో చూసిన జంట శిఖరాలు 1895 నాటివి. చుట్టూ కట్టిన కొత్త స్టాండ్ల మధ్య అవి నలిగిపోయి చిన్నగా కనిపిస్తాయి. మే మొదటి శనివారం లక్షన్నర మంది నిలబడే చోట, మా గుంపులో పట్టుమని పాతికమంది లేం. 1973లో సెక్రటేరియట్ అనే గుర్రం పెట్టిన 1 నిమిషం 59.40 సెకన్ల రికార్డు ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం జాకీల గది. మొదటి డెర్బీలో 15 మంది జాకీలుంటే 13 మంది నల్లవాళ్లు. గెలిచిన ఆలివర్ లూయిస్ కూడా నల్లజాతివాడే. మొదటి 28 డెర్బీల్లో 15 వాళ్లే గెలిచారు. ఐజాక్ మర్ఫీ ఒక్కడే మూడు. 1901, 1902ల్లో వరసగా గెలిచిన జిమ్మీ వింక్‌ఫీల్డ్ ఆ తర్వాత రష్యాకు వెళ్లి అక్కడ పందేలు తొక్కాడు. ఇక్కడ తోటి తెల్ల జాకీలే నల్లవాళ్లను కంచెకేసి నొక్కేవారు, యజమానులు గుర్రాలివ్వడం మానేశారు. 1921 తర్వాత 2000 దాకా డెర్బీలో ఒక్క నల్ల జాకీ కూడా లేడు. గైడు ఈ సంగతి గబగబా చెప్పేసి టోపీల ఫ్యాషన్ దగ్గర తీరిగ్గా ఆగింది. అది నాకు నచ్చలేదు.

బయట బార్బారో అనే గుర్రం విగ్రహం ఉంది. 2006 డెర్బీ గెలిచి, రెండువారాలకే ఇంకో పందెంలో కాలు విరగ్గొట్టుకుని, మరుసటేడు జనవరిలో చనిపోయింది. దాని బూడిదను ఆ విగ్రహం కిందే ఉంచారు. 2023లో ఇదే ట్రాక్‌లో కొన్ని వారాల్లోనే 12 గుర్రాలు చనిపోతే, మిగిలిన పందేలను వేరే ఊరికి మార్చాల్సి వచ్చింది. ఆ మాట ఎత్తితే శ్రీనుకు కోపం వచ్చింది. "చికెన్ తినేటప్పుడు గుర్తుకురాదా?" అన్నాడు. ఆ వాదన లెక్సింగ్టన్ దాకా సాగింది, తేలలేదు.

ఆదివారం రెడ్ మైల్. 1875లోనే పెట్టిన మైలు పొడవు ట్రాక్, పేరుకు తగ్గట్టు ఎర్రమట్టి. ప్రవేశం ఉచితం. ఇక్కడ జాకీ ఉండడు. రెండు చక్రాల తేలికపాటి బండిలో కాళ్లు బారచాపుకుని డ్రైవర్ కూర్చుంటాడు. గుర్రం దౌడు తియ్యకూడదు. ట్రాటర్ అయితే ఎదురెదురు మూలల కాళ్లు కలిపి వెయ్యాలి, పేసర్ అయితే ఒకే పక్కవి రెండూ కలిపి. నడక తప్పి దౌడందుకుంటే డ్రైవర్ దాన్ని పక్కకు లాగి, మళ్లీ దారిలో పెట్టేలోగా మిగతావి వెళ్లిపోతాయి. పందెం మొదలెట్టేది ఒక కారు. దానికి రెండువైపులా రెక్కల్లాంటి గేట్లు. గుర్రాలన్నీ ఆ రెక్కల వెనకాల వేగం అందుకుంటాయి, గీత రాగానే కారు రెక్కలు ముడుచుకుని దూసుకుపోతుంది. మొదటిసారి చూసి ఇద్దరం నోరెళ్లబెట్టాం.

2016లో ఆల్వేస్ బీ మికీ అనే పేసర్ ఈ మట్టిమీదే మైలును 1 నిమిషం 46 సెకన్లలో దాటింది. ట్రాటర్లకు మూడు పెద్ద కిరీటాల్లో ఒకటైన కెంటకీ ఫ్యూచరిటీ ఆరోజే ఉంది. అయినా జనం పల్చగా ఉన్నారు. కంచె పట్టుకుని స్టాప్‌వాచీలతో నిలబడ్డ ముసలాళ్లు, ట్రక్కుల దగ్గర గుర్రాల రక్తసంబంధాలు ఏకరువు పెట్టే రైతులు. సంక్రాంతికి మా వైపు ఎడ్ల బండలాగుడు దగ్గర చేరే మనుషుల్లానే ఉన్నారు. ఇంకో వైపు హాల్లో ఏసీలో జూదం మిషన్ల ముందు ఇంతకు పదింతల మంది. బయట ఏ గుర్రం పరిగెడుతోందో వాళ్లకు పట్టదు. తమాషా ఏమిటంటే, బయటి గుర్రాలకు బహుమతి డబ్బులో మంచి భాగం ఆ మిషన్ల నుంచే వస్తుందట.

ఫ్యూచరిటీ గుర్రాలు ఆఖరి మలుపు తిరిగి స్టాండు ముందుకు వచ్చేటప్పుడు అరుపులకన్నా గిట్టల చప్పుడే పెద్దగా వినిపించింది, ఎక్కడా తప్పని ఒకే తాళం. ఎర్ర ధూళి మా చొక్కాల మీద పడింది. మూడు చోట్లలో నా ఓటు దీనికే. కీన్‌లాండ్‌లో మనం వెళ్లింది పందేనికా, ఫొటోలకా అని సందేహం వస్తుంది. ఇక్కడ ఆ బెంగ లేదు. శ్రీను ఇక్కడ ట్రైఫెక్టా కాశాడు, వాడి భాషలో టనాలా. మొదటి మూడు గుర్రాలనూ వరస తప్పకుండా చెప్పాలి. మొదటి రెండూ సరిగ్గా వచ్చాయి, మూడోది నడక తప్పింది.

తిరుగు ప్రయాణంలో సిన్సినాటి దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం. కొలంబస్ చేరబోతుండగా, హైదరాబాద్‌లో తెల్లారుంటుందని వాడు నాన్నగారికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాడు. కీన్‌లాండ్ సంగతి ఆయన శ్రద్ధగా విన్నారు. చెమట నురగ మాటకు "శభాష్" అన్నారు. ఇక రెడ్ మైల్ గురించి వాడు ఉత్సాహంగా, బండి, చక్రాలు, డ్రైవర్ అంటూ చెప్పుకుపోతుంటే మధ్యలోనే ఆపేశారు.

"జట్కా బండ్ల పందెం చూడనీకి అంత పెట్రోల్ తగలేసిన్రా?"