మేకుల సిరా, అమ్మమ్మ పాల చీటీలు

నాలుగు రోజులుగా మేం కింద కూర్చునే తింటున్నాం. డైనింగ్ టేబుల్ నిండా నా మడతల పుస్తకం ఆరుతోంది. పొడవాటి చేతికాగితాన్ని ముందుకీ వెనక్కీ మడిచి, రెండు చివర్లా అట్టలు అంటించడమే. లోపల మాత్రం అమ్మమ్మ పాల లెక్కల చీటీలు, ఆమె వెంకటగిరి చీర అంచు.

మైదా జిగురులో పాత బైండింగువాళ్ళలా చిటికెడు మైలతుత్తం (కాపర్ సల్ఫేట్) కలిపాను, పురుగు పట్టకుండా. అది విషం. వంటగిన్నెలో కలపకండి. నేను కలిపాను, అత్తయ్య ఆ గిన్నె బయట పారేయించారు.

నలుపుకి శ్రీకాళహస్తి కలంకారీ పద్ధతే. తుప్పుపట్టిన మేకులు, బెల్లం నీళ్ళలో వేసి మూడు వారాలు ఊరబెట్టాను. కంపు సంగతి అడక్కండి. కాగితానికి ముందే కరక్కాయ నీళ్ళు పట్టించి ఆరబెట్టాలి. వెదురుపుల్లతో గీస్తే మొదట పల్చటి బూడిదరంగు, చూస్తుండగానే చిక్కటి నలుపు. కరక్కాయలోని టానిన్ అనే వగరు పదార్థం ఇనుముతో కలిసి చేసే పని. అది చూడ్డానికే ఓ పాతిక గీతలు ఉత్తినే గీశాను. ఇనుప సిరా కాలక్రమంలో కాగితాన్ని తినేస్తుంది కాబట్టి చీటీల జోలికి పోనివ్వలేదు.

చీర దగ్గరే దెబ్బతిన్నాను. జిగురు పల్చనై, నేతలోంచి ఉబికి జరీ మీద తెల్లగా పేరుకుంది. మిగిలిన ముక్క అంటించకుండా దారంతో కుట్టేశాను. అదే బాగుంది.

అట్టకి ఒకవైపే కాగితం అంటించడంతో వెనకది విల్లులా వంగింది. లోపలివైపూ అంటించి, ప్రస్తుతం దానిమీద రుబ్బురోలు పొత్రం పెట్టాను.