ఏడు జన్యువులు, ఒక పెద్దాయన ప్రశ్న

నిన్న సాయంత్రం రిపోర్టు వచ్చింది. చీపురుపల్లి దగ్గరి ఊళ్లో మూడు ఇళ్ల ఆవుల నుంచి మేము తెచ్చిన పాల శాంపిళ్లలో ఆరింట్లో పొదుగువాపు తెచ్చే బ్యాక్టీరియా, స్టాఫిలోకాకస్ ఆరియస్ దొరికింది. అందులో ఐదు ఒకే రకం, ఎస్‌టీ (సీక్వెన్స్ టైప్) 97.

శాంపిళ్లు తీసిన ఆ ఉదయం ఇంకా కళ్లముందే ఉంది. ఒక ఆవుకి పొదుగు వెనక కుడివైపు రాయిలా గట్టిపడిపోయింది. చనుకట్టును స్పిరిట్ దూదితో తుడిచి, మొదటి ధారలు నల్ల గిన్నెలోకి పిండితే పాలలో విరిగిన తరకలు. ఆవు నొప్పికి కాలు విదిల్చింది. మూడిళ్లలోనూ పాలు పితికే పెద్దాయన తలుగు పట్టుకుని, "నా సేతులవల్లే వచ్చిందంటావా బావూ?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

రకం తేల్చిన ఆ పరీక్ష పేరు ఎమ్‌ఎల్‌ఎస్‌టీ. అంటే బ్యాక్టీరియా బతకడానికి తప్పనిసరైన ఏడు జన్యువుల్లో కొంత కొంత భాగం చదివి, వాటిని బట్టి రకానికి నంబరు ఇవ్వడం. 1998లో వచ్చిన పద్ధతి. ఐదింటికీ ఒకే నంబరు చూడగానే ల్యాబ్‌లో ఎవరో "దొరికాడు" అన్నారు. నాకు చాలా బాధేసింది. 97 ఎన్నో దేశాల పాడి ఆవుల్లో మామూలుగా కనిపించే రకమే. నంబరు కలిసినంత మాత్రాన ఒకరి చేతుల మీదుగానే పాకిందని చెప్పలేం. దానికి మొత్తం జీనోమ్, అంటే ఏడు జన్యువులే కాదు బ్యాక్టీరియా డీఎన్‌ఏ అంతా, చదివి పోల్చాలి.

రేపు మళ్లీ వెళ్తున్నాను. ముందు ఆయనకు ఈ మాట చెప్పాలి. తర్వాత, ఆవు ఆవుకీ మధ్య చేతులు సబ్బుతో కడగాలని, జబ్బు ఆవును ఆఖర్న పితకాలని, పితికాక చనుకట్లను అయోడిన్ మందులో ముంచాలని. సీసా సంచిలో పెట్టేశాను.