గాలి ఎక్కడి నుంచి వస్తోంది?

గురువారం రాత్రి, తిరుపతి

ఈరోజు సెలవు పెట్టి కారు సంగతి తేల్చాను. చెక్ ఇంజిన్ లైటు వెలిగి కొన్నాళ్లయింది. లీలామహల్ సర్కిల్ దగ్గర సిగ్నల్ పడితే చాలు, ఇంజిన్ సన్నగా వణుకుతుంది, ఆర్‌పీఎం ముల్లు నిలకడగా ఉండదు. బండి కదిలి వేగం అందుకున్నాక ఏ ఇబ్బందీ ఉండదు. రేపు అమ్మానాన్నలను కొండకు తీసుకెళ్లాలి. ఈ లైటుతో ఘాట్ రోడ్డు ఎక్కడం నాకు ఇష్టం లేదు.

కారు కంప్యూటరు నమోదు చేసిన తప్పు కోడ్ పి0171. అంటే బ్యాంక్ 1లో మిక్స్చర్ లీన్‌గా ఉంది: గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ. మాది నాలుగు సిలిండర్ల ఇంజిన్, అన్నీ ఒకే వరసలో ఉంటాయి కాబట్టి దానికి ఉన్నది ఒక్కటే బ్యాంకు. ఒక వర్క్‌షాపు వాళ్లు ఈ కోడ్ చూడగానే ఆక్సిజన్ సెన్సర్ పోయింది, మార్చాలి అని ఎస్టిమేటు రాసిచ్చారు. నాకు మనసొప్పలేదు. మిక్స్చర్ పల్చగా ఉందని కబురు చెప్పిందే ఆ సెన్సర్. అది అబద్ధం చెబుతోందని రుజువు లేకుండా దాన్నే పీకేస్తే ఎలా? అసలు కోడ్ అనేది ఫలానా పార్టు మార్చమనే ఆర్డరు కాదు. కంప్యూటరు తను ఏం గమనించిందో అంతవరకే చెబుతుంది. కారణం వెతుక్కోవడం మన పని. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా తక్కువే అనిపిస్తుంది, ఎందుకంటే ఈ ఒక్క పొరపాటుకే జనం వేలకు వేలు పోగొట్టుకుంటున్నారు.

పెట్రోలు సరిగ్గా పూర్తిగా మండాలంటే ఒక గ్రాము పెట్రోలుకు 14.7 గ్రాముల గాలి కావాలి. లోపలికి వెళ్లే గాలిని మా కారులో మాఫ్ సెన్సర్ కొలుస్తుంది. ఆ లెక్కను బట్టి కంప్యూటరు ఇంజెక్టర్లతో పెట్రోలు కొట్టిస్తుంది. పొగ గొట్టంలో ఉన్న ఆక్సిజన్ సెన్సర్ ఫలితం చూసి, లీన్ అయితే 0.1 వోల్టు దగ్గర, రిచ్ (పెట్రోలు ఎక్కువ) అయితే 0.9 దగ్గర సిగ్నల్ ఇస్తుంది. దాన్ని బట్టి కంప్యూటరు పెట్రోలు కొంచెం పెంచుతూ, కొంచెం తగ్గిస్తూ ఉంటుంది. ఈ సవరింపునే ఫ్యూయల్ ట్రిమ్ అంటారు. అప్పటికప్పుడు మారేది షార్ట్ టర్మ్, నిదానంగా నేర్చుకుని గుర్తు పెట్టుకునేది లాంగ్ టర్మ్. ప్లస్‌లో ఉంటే పెట్రోలు అదనంగా కొడుతోందని అర్థం. రెండూ కలిపి సున్నాకి అటూ ఇటూ పది శాతం లోపల ఉంటే పర్వాలేదు. చాలా కార్లలో ఇది పాతిక శాతం దరిదాపులకు చేరి, వరసగా రెండు డ్రైవింగ్ సైకిళ్లలో (బండి స్టార్ట్ చేసి, నడిపి, ఆపితే ఒకటి) అదే కనబడితే లైటు వెలుగుతుంది.

పొద్దున ఎండ ముదరకముందే డ్యాష్‌బోర్డు కింద పోర్టుకు బ్లూటూత్ స్కానర్ తగిలించి ఫోన్లో చూశాను. నేను ముందు చూసేది ఫ్రీజ్ ఫ్రేమ్. తప్పు నమోదైన క్షణంలో ఇంజిన్ ఏ స్థితిలో ఉందో అది దాచిపెడుతుంది. కోడ్ చెరిపేస్తే ఇదీ పోతుంది. అందుకే చాలామంది చేసినట్టు ముందే క్లియర్ కొట్టకూడదు. అందులో వేగం సున్నా, ఇంజిన్ పూర్తిగా వేడెక్కి ఉంది, ఆర్‌పీఎం 740. అంటే బండి నిలబడి ఉన్నప్పుడే సమస్య.

తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేసి ట్రిమ్ చూశాను. ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ నొక్కకుండా ఇంజిన్ ఊరికే నడుస్తున్నప్పుడు, లాంగ్ టర్మ్ ప్లస్ 24, షార్ట్ టర్మ్ 4కీ 8కీ మధ్య. యాక్సిలరేటర్ నొక్కి 2500 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచితే రెండూ కలిపి 7కి దిగింది. ఆ అంకె చూడగానే సగం టెన్షన్ పోయింది. ఐడిల్‌లో ఎక్కువగా ఉండి రేజ్ చేస్తే తగ్గుతోందంటే ఎక్కడో ఎయిర్ లాగుతోందని అర్థం. థ్రాటిల్ (గాలి దారిలోని మూత) మూసి ఉన్నప్పుడు మ్యానిఫోల్డులో (సిలిండర్లకు గాలి పంచే గొట్టాల్లో) వాక్యూమ్ బలంగా ఉంటుంది, చిన్న పగులు నుంచి కూడా గాలి జొరబడుతుంది. ఇంజిన్ పీల్చే మొత్తం గాలి అప్పుడు తక్కువ కాబట్టి ఆ దొంగగాలి వాటా పెద్దది. రేజ్ చేస్తే అసలు గాలి బాగా పెరుగుతుంది, దొంగగాలి లెక్కలోకి రాకుండా పోతుంది. అదే ఫ్యూయల్ పంపు బలహీనపడినా, ఫిల్టరు మూసుకుపోయినా తిరగబడుతుంది: ఐడిల్ బాగుంటుంది, లోడ్ (ఇంజిన్ మీద పడే బరువు) పెరిగేకొద్దీ ట్రిమ్ పైకెక్కుతుంది.

కొండమీద టోకెన్ చూపించే గేటు దగ్గర తలలు లెక్కపెడుతుంటే పక్క సందులోంచి మనుషులు లోపలికి దూరినట్టు ఉంది ఈ వ్యవహారం. మాఫ్ సెన్సర్ తన ముందునుంచి పోయిన గాలినే కొలిచింది, లోపలికి చేరిందేమో దానికంటే ఎక్కువ. అందుకే వేసిన పెట్రోలు చాలలేదు. మాఫ్ లేకుండా, మ్యానిఫోల్డులో ప్రెషర్‌ను కొలిచే మ్యాప్ సెన్సర్ మీద నడిచే కార్లలో ఇలాంటి లీకు వేరేగా కనబడుతుంది. అక్కడ మ్యానిఫోల్డులో ప్రెషర్ పెరిగిన సంగతి కంప్యూటరుకు తెలుస్తుంది, దానికి తగ్గట్టు పెట్రోలూ వేస్తుంది. అందువల్ల లీన్ కోడ్ కంటే ఐడిల్ పెరగడమే ముందు కనబడుతుంది. మన కారులో ఏది ఉందో తెలుసుకోకుండా ఎవరో చెప్పిన వైద్యం చేయకూడదు.

పదిన్నరకు రేణిగుంట రోడ్డులో తెలిసిన షెడ్డుకు పోయాను. అక్కడి మేస్త్రి కార్బురేటర్ అంబాసడర్ల కాలం నుంచి ఈ పనిలో ఉన్నాడు. నేను నంబర్లు చెబితే ఓపిగ్గా విని, "ఎయిర్ లాగుతాంది సార్, ప్లగ్గు చూస్తే తెలిసిపోతాది" అన్నాడు. ఒక స్పార్క్ ప్లగ్గు విప్పి అరచేతిలో పెట్టి చూపించాడు. మొన పాలిపోయి తెల్లగా ఉంది. మిక్స్చర్ సరిగ్గా ఉంటే బిస్కెట్ రంగు, రిచ్ అయితే నల్లటి మసి, లీన్ అయితే ఈ తెలుపు. స్కానర్ లేని రోజుల్లో వాళ్లు చదివిన అక్షరాలు ఇవి. ఫోన్లో అంకె చెప్పిందీ ప్లగ్గు చెప్పిందీ ఒకటే కావడం చూసి నాకు చాలా సంతోషమైంది.

"మరి ఎక్కడంటావన్నా?" అని అడిగాను.

ఆయన వేళ్లతో గొట్టాలన్నీ తడుముకుంటూ వచ్చాడు. షెడ్డు కుర్రాడు కార్బ్ క్లీనర్ డబ్బా తెస్తే వద్దన్నాను. వేడి ఎగ్జాస్ట్ పక్కన మండే ద్రవం చల్లడం నాకు భయం. స్ప్రే సీసాలో నీళ్లు పట్టించి జాయింట్ల మీద కొద్దికొద్దిగా కొట్టాం. ఇన్‌టేక్ గాస్కెట్ దగ్గర మార్పు లేదు. బ్రేక్ బూస్టర్ గొట్టం దగ్గరా లేదు. పీసీవీ హోస్ (ఇంజిన్ లోపలి ఆయిల్ ఆవిరిని మ్యానిఫోల్డుకు చేర్చే గొట్టం) వంపు దగ్గర తడవగానే ఇంజిన్ శబ్దం ఒక్క క్షణం మారింది. అప్పుడు మేస్త్రి నోస్ ప్లయర్‌కు గుడ్డ చుట్టి, ఆ హోస్‌ను మ్యానిఫోల్డు వైపు మెల్లగా నొక్కి పట్టుకున్నాడు. నా ఫోన్లో షార్ట్ టర్మ్ ఒక్కసారిగా మైనస్ 17కి పడింది. లాంగ్ టర్మ్ ఇంకా పాత 24నే పట్టుకుని ఉంది కాబట్టి అలా పడాలి, పడింది. ఆక్సిజన్ సెన్సర్ 0.8కి లేచి, మళ్లీ కిందికీ పైకీ ఆడటం మొదలుపెట్టింది. మార్చాలన్న సెన్సర్ నిక్షేపంగా పనిచేస్తోంది.

హోస్ విప్పి వంచితే వంపు అడుగున వేలిగోరంత పొడుగు పగులు నోరు తెరిచింది. పైనుంచి చూస్తే ఏమీ కనబడదు. రబ్బరు బిగుసుకుపోయి, లోపల ఆయిల్ జిడ్డు పేరుకుని ఉంది. బానెట్ కింద వేడి, ఆ పైన మన ఊరి వేసవి, ఇన్నేళ్ల ఆయిల్ ఆవిరి, రబ్బరు ఎంతకని తట్టుకుంటుంది?

కుర్రాడు రేడియేటర్ నీళ్ల గొట్టం ముక్క కోసి తెచ్చాడు. మేస్త్రి ఒప్పుకోలేదు, అది నాకు నచ్చింది. నీళ్ల గొట్టం రబ్బరు ఆయిల్ తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. వాక్యూమ్‌కు లోపలికి అతుక్కుపోతుంది. స్పేర్ పార్ట్స్ షాపులో అదే మోడల్ హోస్ దొరికేదాకా ఆగాం. క్లిప్పులు కూడా కొత్తవే వేయించాను. అప్పుడు కోడ్ చెరిపాను. ఇంటికి వచ్చేసరికి ఐడిల్‌లో రెండూ కలిపి ప్లస్ 5.

ఆ అయిదులో పెట్రోలులో కలిపే ఇథనాల్ వాటా ఉండవచ్చు. ఇథనాల్‌కు గాలి నిష్పత్తి సుమారు 9 మాత్రమే, దానిలోనే ఆక్సిజన్ ఉంది కాబట్టి. కనుక ఈ20 (ఇరవై శాతం ఇథనాల్ కలిసిన) పెట్రోలు పోస్తే కంప్యూటరు కొంత అదనంగా కొట్టక తప్పదు. కానీ ఎదురింటాయన అన్నట్టు తప్పంతా పెట్రోలుదే అయితే ఐడిల్‌లోనూ రేజ్‌లోనూ ట్రిమ్ ఒకేలా పెరగాలి. ఒక్క ఐడిల్‌లోనే 30 దాకా పోదు. సాయంత్రం ఆయనకు రెండు అంకెలూ చూపించి చెప్పాను. తన కారుకూ ఒకసారి చూడమన్నారు. ఆదివారం చూస్తానన్నాను.

ఇంకొకటి మిగిలింది. లోడ్‌లో ట్రిమ్ ఇంకా చూడలేదు. అలిపిరి దాటాక ఎత్తు ఎక్కేటప్పుడు నాన్న చేతికి ఫోన్ ఇచ్చి అంకెలు చదవమంటాను. పది దాటకపోతే సరే. దాటితే శుక్రవారం మధ్యాహ్నానికల్లా కిందికి దిగి, ఫ్యూయల్ ప్రెషర్ గేజ్ పెట్టించాలి.