చెక్కా, వెదురా అనే ముందు కింద గచ్చు సంగతి చూడండి

బెంగళూరు హొరమావులో మా ఇంటికి వచ్చినవాళ్ళు బెడ్‌రూమ్ నేల చూడగానే అడిగేది ఒకటే, "టేకా, వెదురా, ఎంతయింది?" కింద కాంక్రీటు గురించి ఒక్కరూ అడగరు. పైన ఏది వేయాలన్నది మా ఆవిడా నేనూ ఒక సాయంత్రం మాట్లాడుకుంటే తేలిపోయింది. టెన్షన్ పెట్టిందంతా ఆ కాంక్రీటే.

కాంక్రీటు పైకి ఎండినట్టు కనిపిస్తుందిగానీ లోపల నీళ్ళు చాలాకాలం ఉంటాయి. కొత్తగా పోసిందైతే అంగుళం మందానికి సుమారు నెల అని ఒక మోటు లెక్క ఉంది, అంటే నాలుగంగుళాల గచ్చుకి నాలుగు నెలలు, అదీ నీళ్ళు పట్టి గట్టిపరిచే క్యూరింగ్ అయిపోయాక, పైన వాన పడకుండా, కిటికీలు తెరిచి గాలి ఆడితే. బిల్డరు చూసేది గృహప్రవేశం ముహూర్తం, ఈ లెక్క కాదు. పై అంతస్తు స్లాబ్ అయితే ఆలస్యంగానైనా ఆరుతుంది. కింద అంతస్తులో గచ్చు మట్టి మీదే కూర్చుని ఉంటుంది కాబట్టి, కట్టేటప్పుడు అడుగున ప్లాస్టిక్ షీటు పరవకపోతే మట్టిలో చెమ్మని పదేళ్ళయినా పైకి లాగుతూనే ఉంటుంది. చెరువుల పక్కన, పూడ్చిన నేలల్లో లేచిన బెంగళూరు లేఅవుట్లలో ఇది ఇంకా ఎక్కువ. టైల్స్ వేసుకున్నవాళ్ళకి ఆ చెమ్మ ఉన్నట్టే తెలియదు. చెక్క వేస్తే పలక అడుగుభాగం తడి పీల్చి ఉబ్బుతుంది, పైభాగం ఉబ్బదు, దాంతో అంచులు పైకి లేచి పలక దోనెలా వంగిపోతుంది. మాకు దగ్గర్లోనే ఒక విల్లాలో ఖరీదైన చెక్క మొదటి వానాకాలానికే ఇలా లేచిపోతే షాపువాడు మేస్త్రిని, మేస్త్రి షాపువాణ్ణి తిట్టుకుంటూ కూర్చున్నారు.

పరీక్ష కష్టమేమీ కాదు. అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పు పారదర్శకంగా ఉండే పాలిథీన్ షీటు గచ్చు మీద పరిచి నాలుగు వైపులా గాలి చొరబడకుండా టేపు వేసి, కనీసం 16 గంటలు వదిలేయాలి. తీసి చూస్తే షీటు లోపల నీటి బొట్లు ఉన్నా, కింద కాంక్రీటు నల్లబడినా చెమ్మ వస్తున్నట్టే. కానీ ఏమీ కనపడకపోతే పొడిగా ఉందని నమ్మేయకూడదు, ఎందుకంటే ఇది పైపొర సంగతే చెప్తుంది. నమ్మకంగా తెలియాలంటే గచ్చు మందంలో 40 శాతం లోతుకి రంధ్రం చేసి, అందులో తేమ కొలిచే మీటరు ప్రోబ్ పెట్టి మూసి, ఒక రోజు ఆగి లోపలి గాలిలో తేమ శాతం (రిలేటివ్ హ్యుమిడిటీ) చూడాలి. చాలా కంపెనీల షరతుల్లో 75 శాతం దగ్గర హద్దు ఉంటుంది. ఈ మీటరు ఉన్న కాంట్రాక్టరు దొరికితే, రేటు కాస్త ఎక్కువైనా నేనైతే అతనికే పని ఇస్తాను.

ఇక చెక్కా వెదురా అన్న ప్రశ్న. నేల మీద కూర్చున్న గచ్చు మీద గట్టి టేకు పలకలు, అంటే మొత్తం ఒకే చెక్కగా ఉండేవి, వద్దంటే వద్దు. మార్చి ఎండల్లో బెంగళూరు గాలి ఎంత పొడిగా ఉంటుందో మనకు తెలుసు, జూన్ నుంచి అక్టోబరు దాకా ఎంత తేమో కూడా తెలుసు. ఆ తేడాకి పలక అడ్డంగా సాగుతూ ముడుచుకుంటూ ఉంటుంది. ఇంజినీర్డ్ వుడ్‌లో పైన కొన్ని మిల్లీమీటర్లే అసలు చెక్క, కింద ప్లైవుడ్ పొరలు ఒకదానికొకటి అడ్డంగా అతికి ఉంటాయి, అందుకే కదలిక తక్కువ. షాపులో "వుడెన్ ఫ్లోరింగ్" అని చూపించేవాటిలో లామినేట్ కూడా ఉంటుంది, అది చెక్కపొడి బోర్డు మీద చెక్క బొమ్మ అచ్చేసిన కాగితం, చూసి అడగండి.

వెదురు గడ్డి జాతి, ఐదేళ్ళకల్లా కోతకొస్తుంది, టేకుకి దశాబ్దాలు కావాలి. పర్యావరణం కోసం వెదురే కావాలనుకుంటే స్ట్రాండ్ వోవెన్ రకం అడగండి. వెదురుని నారలుగా చీల్చి, జిగురు కలిపి, విపరీతమైన ఒత్తిడితో నొక్కి చేస్తారు, టేకు కంటే బాగా గట్టిది. కాఫీ రంగులో దొరికేదాన్ని ఆవిరి పట్టి మాడుస్తారు, మామూలు పలకల్లో అయితే ఆ రంగు అందంగా ఉంటుందిగానీ కొంచెం మెత్తబడుతుంది. జిగురు ఉంది కాబట్టి, దాన్నుంచి ఫార్మాల్డిహైడ్ వాయువు తక్కువగా వచ్చే ఈ1 గ్రేడా కాదా అని పెట్టె మీద చూసుకోండి. మేము కింద బెడ్‌రూమ్‌కి ఇంజినీర్డ్ వుడ్, పైన నా ఆఫీసు గదికి వెదురు వేశాం. రోజంతా కుర్చీ చక్రాలు తిరిగే చోట వెదురే మేలనిపించింది. కాకపోతే దాన్ని కోయడానికి వచ్చిన కార్పెంటర్ బ్లేడు మొండిబోయిందని గొణుగుతూనే ఉన్నాడు. రేపు రిపేరు వస్తే టేకు పని తెలిసినవాళ్ళు వీధికొకరు దొరుకుతారు, వెదురు పలక ముట్టుకునేవాళ్ళు దొరకరు.

వేయడం దగ్గర, పలకల పెట్టెలు ఆ గదిలోనే రెండు మూడు రోజులు ఉంచాలి, స్ట్రాండ్ వెదురుకి ఇంకా ఎక్కువ. గచ్చు మీద పాలిథీన్ షీటు, దాని మీద పల్చటి ఫోమ్, ఆపైన పలకలు. గోడ చుట్టూ సుమారు 10 మిల్లీమీటర్ల సందు వదిలి స్కర్టింగ్‌తో కప్పాలి. అతికించకుండా తేలేలా వేస్తే దానిమీద పెద్ద వార్డ్‌రోబ్ బిగించొద్దు, నేల కదల్లేక మధ్యలో ఉబ్బుతుంది. ముందు వార్డ్‌రోబ్, తర్వాత ఫ్లోరింగ్. పాత టైల్స్ మీదే వేసేటట్టయితే టైల్స్ తట్టి చూడండి, డొల్ల శబ్దం వచ్చినవి తీసి నింపాలి, తలుపుల అడుగు కొంత కోయాల్సి వస్తుంది.

మా అమ్మ కడప నుంచి వచ్చి చూసి, "బకెట్టు నీళ్ళు పోసి కడగకుంటే అది ఇల్లు ఎట్లయితాదిరా?" అంది. ఆ మాటలో న్యాయం ఉంది. అందుకే హాలు, వంటిల్లు, పూజగది రాయే, అక్కడ ఆమె ఇష్టం. బెడ్‌రూమ్‌కి గట్టిగా పిండిన బట్ట మాత్రమే అని పనావిడకి చెప్పాను, ఆమె "సరే అన్నా" అంది, నేను లేనప్పుడు ఏం చేస్తుందో ఆమెకే తెలియాలి. ఏసీ నీళ్ళ పైపు మాత్రం పలకల మీద కారకుండా నేనే చూసుకుంటాను.

కొనేటప్పుడు కోతల్లో వృథా పోను ఒక పెట్టె ఎక్కువ తీసుకోండి, మిగిలితే వాపసు ఇవ్వకండి. తర్వాత ఒక పలక పాడైతే అదే లాట్ మళ్ళీ దొరకదు, రంగు కలవదు.