ఒక గింజ, రెండు మొలకలు

పొద్దున్న పాలు స్టవ్ మీద పెట్టి, కాగేలోపు మొక్కలకు నీళ్లు పోద్దామని బాల్కనీలోకి వెళ్లాను. మూలనున్న పెరుగు డబ్బాలో రెండు మొలకలు! నేను నాటింది ఒకే ఒక్క నిమ్మగింజ. పాలు పొంగిన వాసన వచ్చేదాకా అక్కడే కూర్చుండిపోయాను.

ఆ గింజ విశాఖ సీతమ్మధారలో మా పుట్టింటి చెట్టుది. ఇల్లు అపార్ట్‌మెంట్ కట్టడానికి బిల్డర్‌కి ఇచ్చేశారు. సామాన్లు సర్దడానికి వెళ్లిన రోజు చెట్టు కింద రాలిన కాయలు నాలుగు ఏరి కొంగులో వేసుకున్నాను. మళ్లీ వారం వెళ్లేసరికి పెరడే లేదు. చెట్టు కొట్టేముందు ఒక మాట చెప్తామన్నారు, చెప్పలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను గాలికి మా పనస వేళ్లతో సహా లేచిపోయింది, ప్రహరీ కూలింది. ఈ నిమ్మ మాత్రం ఒక పక్కకి ఒరిగి, ఆ ఒరుగుడుతోనే ఇన్నేళ్లూ కాసింది. అంత గాలికి నిలబడిన చెట్టు. తలచుకుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

కాయలు పులిహోరలోకి పిండి, గింజలు దాచాను. నిమ్మగింజ ఎండిపోతే మొలవడం కష్టం, అందుకే అప్పటికప్పుడే జిగురు పోయేలా కడిగాను. గోటితో పై పొట్టు ఒలిచి, లోపలి పల్చటి పొర కూడా తీసి, తడి టిష్యూలో చుట్టి డబ్బాలో పెట్టి ఫ్రిజ్ మీద ఉంచాను, అక్కడ కాస్త వెచ్చగా ఉంటుందని. పదకొండో రోజుకి వేరు కనిపించింది, బియ్యపు గింజంత. ఎర్రమట్టి, కోకోపీట్, వర్మీకంపోస్ట్ కలిపి నాటాను. డబ్బా అడుగున కాల్చిన మేకుతో చిల్లులు పెట్టాను, నీళ్లు నిలిస్తే వేరు కుళ్లిపోతుంది కదా.

అత్తయ్య కళ్లజోడు పెట్టుకుని మరీ వచ్చి చూశారు. "కవలలమ్మా!" అన్నారు.

నిమ్మజాతికి ఇది మామూలే. గింజలో ఒక పిండం పువ్వుకి అందిన పుప్పొడితో తయారవుతుంది. దానితోపాటు తల్లి కణాల నుంచే నేరుగా పుట్టే పిండాలూ ఉంటాయి. వాటికి తండ్రి పోలిక ఉండదు, అచ్చం తల్లే. మన సువర్ణరేఖ మామిడికి ఈ వీలు లేదు. టెంక పాతితే అదే పండు వస్తుందన్న భరోసా లేదు, అందుకే అంటు కడతారు. అంటే నా డబ్బాలోని ఈ రెండు మొలకల్లో ఒకటి మా పెరటి చెట్టే కావచ్చు. రెండూ కావచ్చు. ఈ మాట చదివినప్పటి నుంచి నాకు కాలు నిలవడం లేదు.

ఒకటి నిటారుగా ఉంది, రెండు ఆకులు విప్పింది, నూనె రాసినట్టు మెరుస్తున్నాయి. రెండోది సన్నగా, వెనకబడింది.

భయం లేకపోలేదు. మాది ఎంవీపీ కాలనీ, సముద్రం గాలి నేరుగా బాల్కనీలోకి కొడుతుంది. పైగా పోయినేడాది నర్సరీ నిమ్మమొక్క ఆకుల మీద పిట్టరెట్టలేమో అనుకుని వదిలేశాను. అవి సీతాకోకచిలుక పిల్లపురుగులు. నాలుగు రోజుల్లో మోడు మిగిలింది. ఈసారి రోజూ ఆకు తిప్పి చూస్తాను. కాయ సంగతంటారా, గింజ మొక్క కాపుకి ఏళ్లు పడుతుంది, కుండీలో కాస్తుందో లేదో. కాయకపోయినా ఆకు నలిపితే ఆ వాసన ఉంటుంది, నాకది చాలు.

మధ్యాహ్నం అమ్మకి ఫోన్ చేశాను. అంతా విని కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది, "ఏదైనా ఒరిగిందా?"

"చిన్నది కొంచెం వెలుతురు వైపు ఒరిగిందమ్మా."

"అయితే అదే."

సాయంత్రం దానికి ఆసరాగా చీపురుపుల్ల గుచ్చుదామని తెచ్చాను. గుచ్చకుండానే లోపలికి వచ్చేశాను.